విప్పని ఏత్వం

మా వీధి గుమ్మానికి వేలాడే గుడ్డ తోరణం మీద ‘వచ్చేరా, రండి’ అని ఉంటుంది. ఎర్రదారంతో గొలుసు కుట్టు. ఎవరూ రాసివ్వకుండా, ఎవరూ గీసివ్వకుండా నా అంతట నేను కుట్టిన మొదటి మాట అది. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్ళు.

కుట్టు మాత్రం నాకు కొత్త కాదు. పెళ్ళైన ఏడాది నుంచీ కుడుతూనే ఉన్నాను. పాత చీరలు మడతలేసి బొంతలు, దిండు గలీబులు, చంటిపిల్లలకి ముందు ముడేసే చొక్కాలు, మా అత్తగారికి రవికలు, కొబ్బరి దింపుకి వెళ్ళే మా ఆయనకి నడుముకి కట్టుకునే మందపాటి పట్టీలు. ఇంట్లోవాళ్ళ కోసం మొదలెట్టింది పక్కింటికి పాకింది. అక్కడి నుంచి వీధికి, వీధి నుంచి ఆటోలో పావుగంట దూరం ఉన్న కొత్తపేటకి.

కొలతలు రాసుకోవడం రాదు కాబట్టి మనిషికో దారం పెట్టుకునేదాన్ని. రవిక పొడవుకి ఇక్కడ ముడి, ఛాతీకి ఇక్కడ ముడి, చేతికి ఇక్కడ ముడి. ఎవరిది ఏ రంగో నా బుర్రలో ఉండేది. మిషను సొరుగు నిండా వీధిలో ఆడవాళ్ళందరూ దారాలై చుట్టలు చుట్టుకుని పడుండేవారు. పక్కింటి పిన్నిగారు ఏడాదికోసారి వచ్చి, “నా పసుప్పచ్చ దారం తియ్యి, ముడి ఎంత జరిగిందో చూద్దాం” అనేవారు.

“ముడి జరగడం ఏంటండీ పిన్నిగారూ, అసలు దారమే చాలట్లేదు” అనేదాన్ని.

“నీ నోరు కుట్టెయ్య” అని నవ్వేసేవారు.

అలా అక్షరం లేకుండానే నా పని నడిచిపోయేది. చిక్కు మా కోడలు వచ్చేక మొదలైంది. ఆ అమ్మాయి కొత్తపేటలో మందుల షాపులో పనిచేస్తుంది. నేను కుట్టిన చంటిపిల్లల బొంతలకి ఫొటోలు తీసి తన ఫోనులో స్టేటస్‌గా పెట్టింది. చూసినవాళ్ళు బొంత కావాలన్నారు, దాని మీద పిల్ల పేరు కూడా కావాలన్నారు.

“నువ్వు కాగితం మీద రాసియ్యి. నేను గీత మీద సూది నడిపిస్తాను” అన్నాను.

బాగానే నడిపించేను. ఒకసారి మాత్రం కోడలు పల్చటి కాగితం మీద పేరు రాసి పెట్టి పనికి వెళ్ళిపోయింది. నేను ఆ కాగితం తిరగేసి, కింద కార్బన్ పెట్టి దిద్దేను. అక్షరాలు రెండువైపులా కనపడుతున్నాయి. ఏది ముఖమో ఏది వీపో నాకేం తెలుసు? రెండు రోజులు కూర్చుని, ఒక్క కుట్టు వంకర పోకుండా, పేరంతా వెనక నుంచి ముందుకి కుట్టేను. బొంత తీసుకోవడానికి వచ్చినావిడ మంచి మనిషి. “ఏం పర్లేదండి, మా పిల్ల అద్దంలో చదువుకుంటుందిలెండి” అని పట్టుకెళ్ళింది. ఆవిడ కోప్పడి ఉంటే అంత సిగ్గు పడేదాన్ని కాదు.

ఆ మర్నాడే కోడల్ని కూర్చోబెట్టి, “నాకు అక్షరాలు చెప్పు” అన్నాను.

పెన్ను పట్టుకుంటే నా చెయ్యి వణికింది. పలక మీదా వణికింది. నాలుగు రోజులు చూసి మా కోడలే ఉపాయం చెప్పింది. బట్ట మీద గీతలు గీసుకునే సుద్దముక్కతో పాత గలీబు మీద ‘అ’ రాసి, “కుట్టండి అత్తయ్యా” అంది. సూది పట్టుకుంటే వణుకు లేదు. రోజుకో అక్షరం చొప్పున ఆ గలీబు నిండిపోయింది. మా ఆయన చూసి, “దీని మీద పడుకుంటే నా బుర్రకి కూడా చదువెక్కుతుందా ఏంటే?” అన్నాడు.

“ఎక్కితే మంచిదే కదండీ, బోలెడు ఖాళీ ఉంది” అన్నాను.

గుణింతాలు వచ్చేసరికి వానాకాలం అయిపోయింది. ఒత్తులు వచ్చేసరికి ఎండలొచ్చేయి. అప్పుడు కుట్టేను ఆ తోరణం. కోడలు చూసి మెల్లగా అంది, “అత్తయ్యా, పుస్తకాల్లో ‘వచ్చారా’ అని ఉంటుందండి.”

“మనింట్లో ఏమంటాం?”

“వచ్చేరా అనే అంటామండి.”

“మరి గుమ్మంలో నిలబడి పిలిచేది మనమా, పుస్తకమా?”

“ఆయ్, మనమేనండి” అని నవ్వి, ఫొటో తీసి పెట్టింది. అలాంటి తోరణాలు ఆ ఏడాది చాలా ఇళ్ళకి కుట్టేను.

అలా ఒకరింటి గుమ్మానికి చూసి కొత్తపేట నుంచి ఒకావిడ వచ్చేరు. వాళ్ళాయన తెలుగు మేష్టారుగా చేసి రిటైరయ్యేరు. కొత్తిల్లు కట్టుకున్నారు, గృహప్రవేశానికి వచ్చినవాళ్ళకి తలా ఒక గుడ్డ సంచీ పెడదామనుకుంటున్నారు. మా ప్రాంతంలో బస్సులో పక్కన కూర్చున్నావిడ కూడా వదినగారే. ఆవిడా నన్ను అలాగే పిలిచేరు.

“వదినగారూ, మీ తోరణం చూస్తే ఎవరో నోరారా పిలిచినట్టుందండి. సంచి మీద కూడా అలా రెండు మాటలు కుట్టి పెట్టండి.”

ఏం కుట్టమంటారని అడిగేను. “మీరేమంటారో అదే” అన్నారు. ఇంటికి ఎవరైనా వస్తే నేనేమంటానో ఆలోచించి ‘వచ్చేరు, సంతోషం’ అన్నాను. ఆవిడకి ఎంత నచ్చిందంటే, మెట్లు దిగుతూ కూడా ఆ రెండు మాటలూ అనుకుంటూ వెళ్ళేరు.

నూట ఇరవై సంచులు. నేనూ, మా తోడికోడలూ కూర్చున్నాం. మా మరిది భార్య నాకంటే పదేళ్ళు చిన్నది. ఆమెకి అక్షరాలు రావు. నేను కాగితం మీద మాటలు రాసి, కార్బన్ పెట్టి సంచి మీద దిద్దితే, ఆ గీత మీద ఆమె కుట్టేది. కుట్టులో నాకంటే నేర్పరి. ఆమె కుట్టు వెనక్కి తిప్పి చూసినా అందంగా ఉంటుంది.

ఎనభై సంచులు అయ్యేక ఒక సోమవారం పొద్దున్న మేష్టారు స్కూటరు మీద వచ్చేరు. వసారాలో కుర్చీ వేసేను. కండువాతో మెడ తుడుచుకుంటూ, “ఏమ్మా, సంచులు ఎంతవరకూ చేసేరు?” అన్నారు.

“ఎనభై అయ్యేయండి” అని ఒక సంచి అందించేను.

కళ్ళజోడు పెట్టుకుని, లోపలా బయటా తిప్పి చూసి, “పని శుభ్రంగా ఉంది” అన్నారు. తరవాత కళ్ళజోడు తీసేసి, “ఇందులో రెండు తప్పులున్నాయమ్మా” అన్నారు.

ఉన్నవే రెండు మాటలు. అందులో రెండు తప్పులు. మా తోడికోడలు సూది ఆపింది.

“‘సంతోషం’లో నువ్వేసింది శంఖంలో ఉండే శ. ఇక్కడ రావలసింది భాషలో ఉండే ష.”

చూసేను. ఆయన చెప్పింది నిజమే. మూడు సలూ నా నోట్లో ఒక్కటే. ఎక్కడ ఏది వేయాలో ఇప్పటికీ తడబడతాను. “తప్పేనండి. ఎనభైటిలోనూ విప్పి మళ్ళీ కుడతాం” అన్నాను.

“రెండోది ‘వచ్చేరు’. ‘వచ్చారు’ అని ఉండాలి. ఏత్వం తీసేసి దీర్ఘం పెట్టు. ఎలాగూ విప్పుతున్నావు, రెండూ ఒకేసారి అయిపోతాయి.”

“అది తప్పు కాదండి.”

నా నోట్లోంచి అంత తిన్నగా వస్తుందని నేనూ అనుకోలేదు. మేష్టారు కుర్చీలో ముందుకి జరిగేరు.

“తప్పు కాదా?”

“మనం అనేది అదే కదండీ. మీరూ ఇందాక అదే అన్నారు, ఎంతవరకూ చేసేరు అని.”

వంటింట్లో కోడలు గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. మేష్టారు ఒక్క క్షణం నవ్వబోయి ఆగేరు.

“మాట్లాడేది వేరు, రాసేది వేరమ్మా. ఇంట్లో లుంగీ కట్టుకుంటాం. సభకి లుంగీతో వెళ్తామా?”

“సంచులిచ్చేది ఇంటి దగ్గరే కదండీ.”

“సరే, ఇంకోటి చెప్తాను. వచ్చే వారం అంటాం, వచ్చే ఏడు అంటాం. ఇంకా రానిదాన్ని అలా అంటాం. ‘వచ్చేరు’ అని చదివినవాళ్ళు వచ్చినట్టా, రానట్టా?”

“వచ్చినవాళ్ళకీ, రాబోయేవాళ్ళకీ కూడా సరిపోతుందండి.”

ఆయన సంచి మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. గొంతు తగ్గించేరు. “ముప్పై ఏళ్ళు పిల్లల చేత ఇదే దిద్దించేను నేను. వాళ్ళంతా ఆ రోజు వస్తారు. తెలుగు మేష్టారింటి నుంచి ఒక తప్పు సంచిలో పెట్టుకుని వెళ్ళకూడదు.”

‘దిద్దించేను’ అన్నారు. ఈసారి నేను ఎత్తి చూపలేదు. ఆయన ముఖం చూస్తే చూపబుద్ధి కాలేదు. ఆయన పరువు ఆయనకి నిజమే. కానీ నాది కూడా నాకు నిజమే.

లేచి, “ఈ శుక్రవారం కాక పై శుక్రవారం మా ఆవిణ్ణి తీసుకుని వస్తాను. మారిస్తే పట్టుకెళ్తాను. లేదంటే రావులపాలెంలో సంచుల మీద అచ్చేసేవాళ్ళున్నారు. కోపం లేదమ్మా నాకు” అన్నారు.

“నాకూ లేదండి” అన్నాను. కోపం ఉంది.

కోడలు బయటికి వచ్చి, “ఒక్క గీతే కదండీ అత్తయ్యా” అంది. ఆ అమ్మాయికి అప్పుడు ఒక ఉత్తరం సంగతి చెప్పేను.

నా రెండో కాన్పు అత్తారింట్లోనే జరిగింది. మా పుట్టిల్లు రాజోలు అవతల, ఏటి ఒడ్డు. అప్పట్లో ఫోన్లు లేవు. పిల్ల పుట్టిన పదో రోజు నుంచి నాకు జ్వరం, తగ్గదు. పాలు పడలేదు. మంచం మీద నుంచే మా అమ్మకి ఉత్తరం రాయించమన్నాను. ఊళ్ళో అందరికీ కార్డులు రాసిపెట్టే పెద్దాయన ఒకరు ఉండేవారు. ఆయన గుమ్మం అవతల కూర్చుంటే, నేను లోపల నుంచి చెప్పేను. “అమ్మా, నాకు జొరం తగ్గట్లేదు. పిల్లకి పాలు లేవు. భయంగా ఉంది. నువ్వు వెంటనే రా.” ఆయన రాసుకుని వెళ్ళేరు.

అమ్మ రాలేదు. వారం చూసేను, రెండు వారాలు చూసేను. మా అత్తగారు పిల్లని ఎవరెవరి ఇళ్ళకో తీసుకెళ్ళి పాలు పట్టించుకొచ్చేవారు. నాకు జ్వరం దానంతట అది తగ్గింది. నెలా పదిహేను రోజులకి అమ్మ చేతిలో సున్నుండల డబ్బాతో, నవ్వుకుంటూ దిగింది. నన్ను చూసి డబ్బా కింద పడేసింది.

“ఉత్తరం వేస్తే ఇప్పుడా రావడం?” అని ఏడ్చేను.

“క్షేమం అని రాయించేవు కదే. చదివించుకుని విన్నాను కదే” అని అమ్మ నాకంటే గట్టిగా ఏడ్చింది.

అమ్మ అబద్ధం చెప్పిందనే చాలా ఏళ్ళు అనుకున్నాను. పుట్టింది ఆడపిల్లే కదా, అంత తొందరేం లేదులే అనుకుని ఉంటుందని మనసులో ఒక ముల్లు. అమ్మ పోయేక ఆ ఇంట్లో తీగకి గుచ్చి ఉన్న పాత కార్డుల కట్ట నేను తెచ్చుకున్నాను. తెచ్చుకున్నానే గానీ చదవలేను, ఇంకొకరి చేత చదివించుకోవడానికి మనసొప్పలేదు. అక్షరాలు వచ్చేక ఒక మధ్యాహ్నం ఆ కట్ట ముందేసుకుని కూర్చున్నాను. నా కార్డు దొరికింది. కూడబలుక్కుని చదివేను.

‘ఇచ్చట మేమందరము క్షేమము. మీ క్షేమ సమాచారములు తెలియజేయగలరు. అమ్మాయికి కించిత్తు నలతగా ఉన్నది. తమ వీలు వెంబడి రాగలరు.’

జొరం అన్న మాట లేదు. పాలు లేవన్న మాట లేదు. భయం లేదు. ‘వెంటనే రా’ అన్నది ‘వీలు వెంబడి’ అయింది. ఆ పెద్దాయనకి నా మీద పగ ఏమీ లేదు. రాతలో పెట్టేటప్పుడు మాట మర్యాదగా ఉండాలని బాగుచేసేరు. అంతే. నేను చెప్పింది చెప్పినట్టు రాసుంటే మా అమ్మ ఏటికి ఎదురీది వచ్చేది. అమ్మని తప్పుపట్టిన ఏళ్ళన్నీ ఆ కార్డు పట్టుకుని లెక్కేసుకున్నాను. క్షమాపణ చెప్పుకోవడానికి మనిషి లేదు.

“అందుకని నేను రాసేది నేను అన్నట్టే ఉంటుంది. శ తప్పంటే విప్పుతాను. అది నాకు రాకపోవడం. ఏత్వం విప్పను. అది నాకు వచ్చిన మాట” అన్నాను కోడలితో. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి నా ముందు టీ గ్లాసు పెట్టి, శ విప్పడానికి తనూ ఒక సంచి తీసుకుంది.

మూడు రోజులు శ విప్పడంతో సరిపోయింది. నాలుగో రోజు మధ్యాహ్నం తోడికోడలు కనపడలేదు. పెరట్లోకి వెళ్తే, కొబ్బరి మట్టల పోగు వెనక పీట వేసుకుని కూర్చుని ఉంది. చేతిలో సగం బ్లేడు. ఒళ్ళో సంచి. పక్కన ఇంకో పది. వచ్చేరులో ఏత్వాలు విప్పేస్తోంది.

“ఏం చేస్తున్నావే?”

ఉలిక్కిపడింది గానీ ఆపలేదు. “కనపడట్లేదా? నీ కొప్పులు కోస్తున్నాను.”

ఏత్వాన్ని మేం కొప్పు అనుకుంటాం, అక్షరం నెత్తిన చిన్న ముడిలా ఉంటుందని. నాకు ఒళ్ళు మండిపోయింది.

“నన్నడక్కుండా ఎలా విప్పుతావు?”

“నువ్వు నన్నడిగి కుట్టేవా?” అంది. “విను అక్కా. నీకు రాత వచ్చింది, దాంతో పాటు పంతం వచ్చింది. నాకు రెండూ రాలేదు. ఈ సంచి మీద ఏముందో మీ తగువులో చెవిన పడిందే గానీ నాకెవరూ చెప్పలేదు. నువ్వు శ అంటే శ కుట్టేను, ష అంటే ష కుట్టేను. నా కుట్టు నలుగురిళ్ళకి వెళ్ళాలి. నలుగురు చేత్తో పట్టుకుని బజారుకెళ్ళాలి. నీ పంతం కోసం నా మూడు వారాల పని అటక మీద ఎలకల పాలవ్వాలా? నేనేమైనా నీ కింద పనిమనిషినా?”

అక్కడే మట్టల మీద కూర్చున్నాను. ఉత్తరం రాసిన పెద్దాయన నన్ను ఒక్క మాట అడగలేదని ఆ కార్డు చదివిన నాటి నుంచి మండిపోతున్న దాన్ని. ఈమె చేత మూడు వారాలు కుట్టించేను, ఒక్కసారి కూడా ఇది ఏమిటో చదివి వినిపించలేదు.

“ఏముందో చెప్పనా?” అన్నాను.

“చెప్పు.”

చదివి వినిపించేను. వేలు పెట్టి ఒక్కో అక్షరం చూపించేను. విని, “మంచి మాటే. నేనూ అలాగే అంటాను” అంది. “అయినా విప్పుతాను. మేష్టారితో తగువు నీది.”

“సరే. అరవై నీవి, అరవై నావి. నీ వాటా నీ ఇష్టం. నా వాటా మీద బ్లేడు పెట్టేవంటే ఊరుకోను.”

“పెట్టను. నీ వాటా ఎలకలు చూసుకుంటాయి” అంది.

ఆమెకి ‘వచ్చారు’ కాగితం కావాలి కదా. అది నేనే రాసిచ్చేను. కోడల్ని అడగలేదు. దీర్ఘం నిండుగా, గుండ్రంగా పెట్టేను. దానితో నాకేం విరోధం లేదు, అది ఎవరిదో వాళ్ళకి అందమైన అక్షరమే.

ఒప్పుకున్న శుక్రవారం నాటికి నూట ఇరవై పూర్తయ్యేయి. వసారాలో మంచం మీద రెండు దొంతర్లుగా పెట్టేం. మేష్టారూ, వాళ్ళావిడా ఆటోలో దిగేరు. మేష్టారు ముందు చేతికందిన దొంతర చూసేరు. అది తోడికోడలిది. “ఆఁ, ఇదీ” అన్నారు. తరవాత వేలితో తడిమి, “ఈ చిల్లులేమిటమ్మా?” అన్నారు.

“విప్పిన చోట సూది చిల్లులండి. ష దగ్గరవి నా తప్పువి. చా దగ్గరవి మీ దిద్దుబాటువి” అన్నాను. “ఒకసారి ఉతికితే పూడిపోతాయి.”

తోడికోడలు నన్ను మోచేత్తో పొడిచింది. మేష్టారు రెండో దొంతర తీసేరు. చూసేరు. కింద పెట్టేరు.

“ఇవి మార్చలేదు.”

“లేదండి. అవి నావి. మార్చను. మీరు తీసుకోకపోతే మా ఇంటికి వచ్చినవాళ్ళకి నేనే ఇచ్చుకుంటాను. ఏడాదైనా రెండేళ్ళైనా పడుతుంది, పట్టనివ్వండి.”

మా ఆయన స్తంభానికి ఆనుకుని నిలబడ్డవాడు గొంతు సవరించుకున్నాడు. నన్ను ఆపుతాడేమో అనుకున్నాను. “ఎండగా ఉంది, కొబ్బరి బొండాలు కొట్టిస్తానండి” అని పెరట్లోకి వెళ్ళిపోయేడు.

అప్పటిదాకా మాట్లాడని వదినగారు మంచం దగ్గరికి వచ్చి నా దొంతర్లో పైసంచి తీసుకున్నారు. ఆ రెండు మాటలూ పైకే చదువుకుని, భర్త వైపు చూసేరు.

“నేనడిగింది ఇవేనండి. నూట ఇరవైమందిలో సగంమంది వీధి గుమ్మంలోంచి వస్తారు, మీ శిష్యులూ, మీ తోటి మేష్టర్లూ. ఆడవాళ్ళు ఎలాగూ పెరటి గుమ్మంలోంచే వస్తారు. మీ సంచులు మీరు ముందర పంచుకోండి. ఇవి నేను పెరట్లో పంచుకుంటాను.”

“ఒకే ఇంట్లో రెండు వ్యాకరణాలా?” అన్నారు మేష్టారు.

“ఎప్పటినుంచో ఉన్నాయి కదండీ. ఇప్పుడే చూసేరా?”

తోడికోడలు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయింది. మేష్టారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. బొండాలు వచ్చేయి. తాగేరు. ఆటో అతను సంచులు కట్టలు కట్టి ఎక్కించేడు, రెండు కట్టలు వేరువేరుగా. వదినగారు నా కట్ట తన పక్కనే పెట్టుకున్నారు.

మేష్టారు ఆటో దాకా వెళ్ళి వెనక్కి వచ్చేరు. జేబులోంచి గృహప్రవేశం కార్డు తీసి నాకిచ్చేరు. “మీరిద్దరూ తప్పకుండా రావాలి” అన్నారు. నేను పుచ్చుకుని అలాగే నిలబడ్డాను. ఆయన కదలలేదు. “చదవగలవా?” అన్నారు. వెటకారం కాదు. చెప్పిన పాఠం పిల్లకి వచ్చిందో లేదో చూసే గొంతు.

కార్డు పైకెత్తి పట్టుకుని చదవడం మొదలెట్టేను. ‘నూతన గృహప్రవేశ మహోత్సవమునకు’ దగ్గర రెండుసార్లు ఆగేను. ‘సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి’ దగ్గర ఊపిరి తీసుకున్నాను. ‘మమ్ములను ఆనందింపజేయ ప్రార్థన’ దగ్గర ప్రా పక్కన ర్థ ఏమిటో కూడబలుక్కున్నాను. ఆయన అందించబోయేరు. వద్దని చెయ్యి చూపించేను. తోడికోడలు గుమ్మంలోకి వచ్చి నిలబడి వింటోంది. అడుగున ఉన్న వాళ్ళిద్దరి పేర్లతో సహా, ఒక్క అక్షరం వదలకుండా పూర్తి చేసి కార్డు దించేను.

“చదివేను” అన్నాను.

“చదివాను” అన్నారు ఆయన, అలవాటుగా.

“మీరు చదివారండి మేష్టారూ. నేను చదివేను.”

ఆటోలోంచి వదినగారు, “రండి, ఎండెక్కుతోంది” అని పిలిచేరు. ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, తల ఊపి వెళ్ళేరు.